ఎండపూట తప్పిన గుణకారం

నేను చేసిన ఉద్యోగం ఏమిటో మా ఇంట్లోవాళ్లకు నేను రిటైరయ్యేదాకా అర్థం కాలేదు. అడిగినవాళ్లకు "కంప్యూటర్ల పని" అని చెప్పి ఊరుకునేవారు. పక్కింటాయన టీవీలో బొమ్మ రాకపోతే నన్ను పిలిచేవాడు, నేను వెళ్లి ప్లగ్గు కదిపి వచ్చేవాణ్ని. ఇప్పుడు మా మేనకోడలు సరిగ్గా నా పనిలోనే చేరింది. "మామా, ప్రమోషన్లు, సన్మానాలు వద్దు. పనికొచ్చేది రాసిపెట్టు" అంది. సన్మానాలు ఎటూ జరగలేదు కాబట్టి ఆ షరతుతో నాకు ఇబ్బంది లేదు.

తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క. కంప్యూటర్‌లో అన్నిటికన్నా అడుగున ప్రాసెసర్ అనే చిప్పు ఉంటుంది. లెక్కలన్నీ చేసేది అదే. పైన మనం వాడుకునే ప్రోగ్రాములు ఉంటాయి. రెంటికీ మధ్య నిలబడి, చిప్పు చేత పని చేయించి పైవాళ్లకు అందించే ప్రోగ్రాము పేరు కెర్నల్. దాన్ని రాయడం, రాసింది దిద్దడం నా పని. అందులోనూ నా వాటాకు వచ్చింది ఒక వింత పని. చిప్పులోనే తప్పు ఉండి, దాన్ని వెంటనే మార్చే వీలు లేనప్పుడు, ఆ తప్పు పైవాళ్లకు తగలకుండా కెర్నల్‌లోనే దారి మళ్లించాలి.

చిప్పులో తప్పు ఉంటుందా అని మీరు అడగొచ్చు. ఒకప్పుడు నేనూ అడిగాను. అప్పుడు తెరిచిన నోరు నేను ఇప్పటికీ పూర్తిగా మూయలేదు.

సత్యమూర్తిగారి బడి

ఎనభైల చివర్లో హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో చేరాను. విదేశాల నుంచి చిప్పులు తెప్పించి, బోర్డులు ఇక్కడే తయారుచేసి, మా సొంత కెర్నల్ ఎక్కించి కంప్యూటర్లు అమ్మేవాళ్లం. కెర్నల్ విభాగానికి పెద్ద సత్యమూర్తిగారు. కోస్తా మనిషి. తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు. ఆయన రాసిన కోడు చదువుతుంటే చదివేవాడికి సిగ్గేసేది, మనం రాసేది కూడా ఒక రాతేనా అని.

పనిలో తప్పు ఎలా వెతకాలో ఆయనే నేర్పించారు. "ముందు నీ ప్రోగ్రాములో వెతుకు. తరవాత పక్కవాడి ప్రోగ్రాములో వెతుకు. తరవాత వాడేవాళ్లు ఏం నొక్కారో చూడు. చిప్పు మీదకి తోశావంటే నీకు వెతకడం రాలేదని అర్థం" అనేవారు. ఇది మంచి సలహానే. ఇవాళ్టికీ నేను కొత్తవాళ్లకు ఇదే చెప్తాను. చాలాసార్లు తప్పు మనదే అవుతుంది, చిప్పు మీదకు తోసేవాడు చాలాసార్లు సోమరే అవుతాడు. మంచి సలహా కూడా ఒక మనిషి పీక మీదకు రాగలదని మాత్రం నాకు అప్పుడు తెలియదు.

కంప్యూటర్ కొన్న ప్రతి చోటికీ ఆయన స్వయంగా వెళ్లి, దాన్ని నడిపేవాళ్లను కూర్చోబెట్టి మూడు మాటలు చెప్పేవారు. నీళ్లు దగ్గరికి రానివ్వొద్దు. వేరేవాళ్లను ముట్టనివ్వొద్దు. అన్నిటికన్నా ముఖ్యం, దుమ్ము తగలనివ్వొద్దు. ఈ మూడో మాట గుర్తుపెట్టుకోండి.

కాంటా దగ్గర కిటికీ

మాది ఆర్మూర్. అందుకే ఆర్మూర్‌లో పసుపు వ్యాపారుల సంఘం ఒకటి మా కంప్యూటర్ కొన్నప్పుడు "నీ ఊరే కదా, నువ్వే చూసుకో" అని నాకు అప్పజెప్పారు. సంఘం వాళ్లు తమ గోదాముల ముందు కొత్త కాంటా పెట్టించారు. ఇనప పలక మీద బస్తాలు పెడితే దాని కింద ఉన్న యంత్రం ఒక అంకె పంపుతుంది. ఆ అంకెను ఇంకో పెద్ద అంకెతో గుణిస్తే బరువు వస్తుంది. ఆ గుణకారం మా కెర్నల్‌లో జరుగుతుంది. బరువు బయట బోర్డు మీద ఎర్రటి అంకెల్లో వెలుగుతుంది. రైతు తలెత్తి చూసుకోవచ్చు, ఇదివరకులా కాంటా పట్టినవాడి వేళ్ల వైపు అనుమానంగా చూడాల్సిన పని లేదు. సంఘం అధ్యక్షుడు గంగారెడ్డి పటేల్ ఇదే గొప్పగా చెప్పుకునేవాడు.

కంప్యూటర్ ముందు కూర్చున్నది రాజమణి. ఇంటర్ చదివి టైపు నేర్చుకున్న పిల్ల. తల్లి బీడీలు చుడుతుంది, తండ్రి దుబాయ్‌లో మేస్త్రీ పని. ఆ గోదాముల్లో హమాలీలూ రైతులూ వ్యాపారులూ అంతా మగవాళ్లే, ఉద్యోగమని కుర్చీలో కూర్చున్న ఆడపిల్ల ఆమె ఒక్కతే. అందువల్ల ఆ కిటికీ ముందు నుంచి పోయే ప్రతివాడూ ఒకసారి లోపలికి తొంగి చూసేవాడు. ఆమె తల ఎత్తేది కాదు. రైతు పేరు, బస్తాల లెక్క కొట్టడం, మీట నొక్కడం, చీటీ చింపి ఇవ్వడం, అంతే ఆమె పని. బరువును మార్చే వీలు ఆ ప్రోగ్రాములో ఆమెకు లేదు. కానీ ఆ సంగతి తెలిసింది నాకొక్కడికే.

పసుపు కాలం మంచి ఊపులో ఉండగా ఏర్గట్ల రైతు ముత్తెన్న బస్తాలు తెచ్చాడు. ఇంటి దగ్గర తూకం వేసుకునే వచ్చాడు. ఇక్కడ బోర్డు మీద బరువు బాగా తక్కువ వచ్చింది. కొంచెం తేడా అయితే ఊరుకునేవాడేమో, ఏకంగా ఒక బస్తా మాయమైనంత తేడా.

"ఇంట్ల కాంట వెట్టి తెచ్చిన. గీడికొచ్చినంక తక్కువెట్లయితది? పసుపేమన్న తొవ్వల ఆవిరైతదా?" అని కేకలు పెట్టాడు.

అప్పుడు ఇంకో ఇద్దరు ముగ్గురు మాకూ ఇలాగే అయిందన్నారు. గంగారెడ్డి పటేల్ సర్కారు ముద్ర ఉన్న ఇనప రాళ్లు తెప్పించి మర్నాడు పొద్దున్నే కాంటా మీద పెట్టించాడు. రాయికి రాయి సరిపోయింది. కాంటా మంచిదే, బోర్డు మంచిదే, కంప్యూటర్ కొత్తదే. ఇక మిగిలింది కిటికీలో కూర్చున్న పిల్ల.

"గా పోరే మింగింది" అన్నాడు ముత్తెన్న అందరి ముందూ కిటికీ ఊచలు పట్టుకుని. "నీ అయ్య దుబాయ్‌ల చెమటోడుస్తుండు, నువ్వీడ కూసోని మమ్ముల దోస్తున్నవా?"

రాజమణిని ఆ రోజే ఇంటికి పంపేశారు. వ్యాపారులెవరో ఆమెతో కుమ్మక్కయ్యారని ఒక మాట, ఆ వ్యాపారికీ ఆమెకూ ఏదో ఉందని ఇంకో మాట పుట్టాయి. ఊరికి రెండో మాటే ఎక్కువ నచ్చింది. వచ్చే వారపు అంగడి లోపు డబ్బు ఎటు పోయిందో చెప్పకపోతే పోలీస్ స్టేషన్‌లో రాసిస్తామని గంగారెడ్డి పటేల్ కబురు పంపాడు. అదే రోజు మా ఆఫీసుకు ఫోను చేసి, ఆ పిల్ల బరువులు ఎలా మార్చిందో కనిపెట్టి చెప్పడానికి మనిషిని పంపమన్నాడు. అలా నేను బస్సు దిగాను, ఒక దొంగను పట్టించే పని మీద.

పిల్ల పోయింది, తప్పులు పోయినయ్

సత్యమూర్తిగారు చెప్పిన వరుసలోనే వెతికాను. నా ప్రోగ్రాము చూశాను, పక్కవాడిదీ చూశాను. కాంటా పంపే అంకెలు చూశాను. అంతా సవ్యంగా ఉంది. రాజమణి జాగాలో పటేల్ తన చిన్నాన్న కొడుకును కూర్చోబెట్టాడు, అతనికి టైపు రాదు గానీ తూకాలు మాత్రం సరిగ్గా వస్తున్నాయి. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ఎప్పుడు చూసినా ఒక్క తప్పు లేదు.

"ఇగ జూడు" అన్నాడు గంగారెడ్డి పటేల్. "పిల్ల పోయింది, తప్పులు పోయినయ్. గింతకన్న సాక్ష్యం ఏం గావాలె నీకు?"

నేర్చుకున్న వరుస ప్రకారం చూసినా ఇక మిగిలింది వాడిన మనిషే. కానీ బరువు మార్చే దారి ప్రోగ్రాములో లేదని నాకు తెలుసు, నేనే రాశాను కాబట్టి. ఈ రెండూ ఒకేసారి నిజం కావడానికి వీల్లేదు. ఆ చిక్కుముడితోనే రాజమణి ఇంటికి వెళ్లాను.

తల్లి గడపలో కూర్చుని ఉంది. చాట ఒళ్లోనే ఉంది, చేతులు మాత్రం కదలడం లేదు. "నా బిడ్డ దొంగ గాదు సారూ. దుబాయ్‌ల మా ఆయనకు గూడ ఎవలో చెప్పిండ్రట. నువ్వు చదువుకున్నోనివి, జర నువ్వన్న చెప్పు" అంది. రాజమణి లోపలి నుంచి రాలేదు. పిలవగా పిలవగా తలుపు వరకు వచ్చి నిలబడింది.

"నేనేం జేసిన్నో నాకు తెల్వది సార్" అంది. "రోజు జేసినట్టే జేసిన."

ఆ మాట నా చెవిలో ఉండిపోయింది. రోజూ చేసినట్టే చేసింది. నేను ప్రోగ్రామంతా చూశాను, యంత్రమంతా చూశాను, కానీ ఆమె రోజూ ఏం చేస్తుందో పక్కన కూర్చుని ఒక్కపూట కూడా చూడలేదు.

పటేల్‌ను ఒప్పించడం తేలిక కాలేదు. "గామె చెయ్యి పెడితే రైతులు ఊకుంటరా?" అన్నాడు. "ఒక్క రోజు కూసోనియ్యి పటేలా, నేను పక్కనే ఉంట. తప్పొస్తె నా మీదికే రానియ్యి" అని బతిమాలాను. చివరకు నా తాత పేరు ఎత్తి, ఆయన మొహం చూసి ఒప్పుకుంటున్నానన్నాడు.

చీర

పొద్దున్నే రాజమణి వచ్చి కంప్యూటర్ ఆన్ చేసింది. అంతకుముందే నేను ఒక చిన్న ప్రోగ్రాము రాసి పెట్టుకున్నాను. ముత్తెన్న బస్తాలకు వచ్చిన అంకెను అదే పెద్ద అంకెతో మళ్లీ మళ్లీ గుణించడం, జవాబు ఎప్పుడైనా తేడా వస్తే తెర మీద ఒక వరుస చూపించడం, అంతే దాని పని. రాసేటప్పుడు నాకే నవ్వొచ్చింది. ఒకే రెండంకెలను గుణిస్తే జవాబు మారుతుందా? ఏ దారీ దొరక్క రాసిన ప్రోగ్రాము అది.

పొద్దుటి పూటంతా తెర ఖాళీగా ఉంది. రాజమణి తన పని తాను చేసుకుపోయింది. కిటికీ అవతల రైతులు గుసగుసలాడుకుంటున్నారు, ఒకడు వినపడేలాగే ఉమ్మేశాడు. ఆమె చీటీ చింపి ఇస్తూనే ఉంది.

పగటి భోజనాలయ్యాక పక్క మిల్లులో పసుపుకు పాలిష్ పెట్టే డ్రమ్ములు తిరగడం మొదలైంది. అవి తిరిగితే ఆ లైనులో కరెంటు బలం తగ్గి మా గదిలో ఫ్యాను నీరసపడుతుంది. బయట హమాలీలు కుప్పలు తిరగేస్తున్నారు. కిటికీలోంచి పచ్చటి దుమ్ము లోపలికి వచ్చి బల్ల మీద, కాగితాల మీద, నా చొక్కా మీద పడుతోంది. రాజమణి లేచి, బల్ల కింది నుంచి మడతపెట్టిన నూలు చీర తీసి, మడతలు విప్పకుండానే తెర పక్కనున్న కంప్యూటర్ పెట్టె మీద కప్పింది. నాలుగు పక్కలా చక్కగా కిందికి లాగి, అంచులు లోపలికి దోపింది.

"అదేంది రాజమణీ?" అన్నాను.

"దుమ్ము సార్. పగటీలి లోపటంత పచ్చగైతది. దుమ్ము తాకనియ్యద్దని పెద్ద సారే చెప్పిండు గద." నేను చీర అంచు ఎత్తి చూసేసరికి భయపడింది. "మా అమ్మ చీర సార్. ఉతికిందే."

గాలి ఆడాల్సిన సందులన్నీ ఆ చీర కింద ఉన్నాయి. వేడెక్కుతుంది, చల్లబడాలి అని చెప్పబోయాను. ఈలోగా రైతులు పిలిస్తే ఆమె తూకాల్లో పడింది. నాలుగు చీటీలు చింపాక తెర మీద ఒక వరుస పడింది.

కళ్లు నులుముకుని చూశాను. జవాబులో మొదటి అంకెలు సరిగ్గా ఉన్నాయి, చివరివీ సరిగ్గా ఉన్నాయి, మధ్యలో మారింది. కాగితం తీసుకుని బళ్లో నేర్పినట్టు చేత్తో గుణించాను. మళ్లీ గుణించాను. నా జవాబు ఒకటి, చిప్పు జవాబు ఇంకొకటి. తల ఎత్తేసరికి తెర మీద రెండో వరుస పడింది, తరవాత మూడోది, ఆ తరవాత లెక్కపెట్టడం మానేశాను. చీర తీసేశాను. కాసేపటికి వరుసలు ఆగాయి. మళ్లీ కప్పాను. కాసేపటికి మళ్లీ మొదలయ్యాయి.

బయటికి వెళ్లి కుళాయి కింద తల పెట్టాను. మీకు ఇది పెద్ద విషయంగా అనిపించకపోవచ్చు. నేను అప్పటిదాకా రాసిన ప్రతి అక్షరం ఆ చిప్పు కూడిక తప్పదు, గుణకారం తప్పదు అన్న నమ్మకం మీద రాసిందే. దాన్ని అనుమానించాలన్న ఆలోచనే రాలేదు. ఎండ ముదిరితే ఎక్కం తప్పే యంత్రం చేతికి ఊరు మొత్తం తూకాలు అప్పగించాం. అది తప్పిన ప్రతిసారీ, దాన్ని భద్రంగా చూసుకున్న పిల్లను దొంగ అన్నాం. ఆమె లేనప్పుడు తప్పులు ఎందుకు ఆగాయో అప్పుడు అర్థమైంది. పటేల్ తమ్ముడు దుమ్ము సంగతి పట్టించుకోలేదు, చీర కప్పలేదు, యంత్రం చల్లగా ఉంది. ఇనప రాళ్లతో పరీక్ష పెట్టింది పొద్దున పూట, పైగా సున్నాలతో ముగిసే ఆ బరువులకు వచ్చే అంకెలు చిప్పును తికమక పెట్టే రకం కావు.

ఫోన్లో నిశ్శబ్దం

పటేల్ దుకాణం నుంచే ఆఫీసుకు ఫోను చేశాను. రాజమణి నా వెనకే వచ్చి నిలబడింది.

"చిప్పు తప్పు గుణించడమేమిటయ్యా?" అన్నారు సత్యమూర్తిగారు. "ఎండ దెబ్బ తగిలిందా నీకు? మజ్జిగ తాగి కాసేపు పడుకో."

"వేడెక్కినప్పుడే తప్పుతోంది సార్. పెద్ద అంకెల గుణకారమే తప్పుతోంది. చిన్నవి తప్పట్లేదు."

అవతల చప్పుడు లేదు. లైను తెగిందేమో అనుకున్నాను.

"గుణకారమా?" అన్నారు చివరికి. "రేపొస్తున్నాను. ఎవరికీ చెప్పకు."

మర్నాడు వచ్చి, గది తలుపు వేసి, తెర మీద వరుసలు చూశారు. కుర్చీ లాక్కుని కూర్చున్నారు. అప్పుడు చెప్పిన మాట నాకు రెండో దెబ్బ.

"ఈ లాటులో కొన్ని చిప్పులు పెద్ద గుణకారాలు తప్పొచ్చని ముందే చెప్పి అమ్మారయ్యా. అందుకే కెర్నల్ మొదలయ్యేటప్పుడు గుణకారం పరీక్ష పెట్టాను. తప్పినవాటిని పక్కన పడేశాం. ఇది పాసైంది."

"నాకెందుకు చెప్పలేదు సార్?"

"పాసైంది కదా అనుకున్నాను." తెర మీది ఒక వరుస మీద వేలు పెట్టారు. "పొద్దున్నే లేపి, బాగున్నావా అని అడిగాను. మధ్యాహ్నం అడగలేదు."

ఆయన మీద నా తీర్పు దాచుకోను. కెర్నల్ నాకు నేర్పింది ఆయన. అంత శుభ్రంగా రాసేవాణ్ని తరవాత నేను చూడలేదు. అయినా చిప్పు తప్పొచ్చని తెలిసీ, చిప్పును అనుమానించేవాడికి పని రాదని మాకు నేర్పించారు. ఆ రెండు మాటలూ ఒకే నోట్లోంచి ఎలా వచ్చాయో నాకు ఇప్పటికీ మింగుడుపడదు. మోసం చేయాలనుకున్న మనిషి కాదు. తను పెట్టిన పరీక్షను నమ్మారు, అంతే. ఈ పనిలో నేను చూసిన పెద్ద నష్టాలు చాలావరకు అలాంటి మంచివాళ్ల వల్లే జరిగాయి.

వైరు వదులైందని చెప్పి సర్దేద్దామన్నారు. "బయటపడితే కంపెనీ మూతపడుతుంది. అందులో నీ జీతం కూడా ఉంది."

"మరి ఆ అమ్మాయి సార్?"

ఆయన లేచారు. తలుపు తీసుకుని నేరుగా గంగారెడ్డి పటేల్ దగ్గరకు వెళ్లి, యంత్రంలోనే లోపం ఉంది, అమ్మాయి తప్పేమీ లేదు అని చెప్పారు. అంతవరకు ఆయన మంచితనం ఆయనకు ఉంది. అయితే పటేల్ నమ్మలేదు.

"పిల్ల మీద జాలి వడి చెప్తున్నరు మీరు" అన్నాడు నవ్వుతూ. "మిషిని ఎక్కాలు మర్సిపోతదా? నేను నమ్మిన గూడ రైతులు నమ్మొద్దా?"

పోలీసుల దాకా వెళ్లనన్నాడు, నేనున్నన్ని రోజులు పిల్లను కూర్చోనిస్తానన్నాడు, అంతే. ఊరిలో మాట మాత్రం అలాగే ఉండిపోయింది.

దారి మళ్లించడం

కొత్త చిప్పు విదేశాల నుంచి రావడానికి నెలలు పడుతుంది. పసుపు కాలం అప్పటిదాకా ఆగదు. కాబట్టి కెర్నల్‌లోనే దారి వెతికాను. బరువు లెక్కను రెండు విధాలుగా కట్టించాను. ఒకటి చిప్పు చేసే గుణకారం. రెండోది గుణకారం అన్న మాటే లేకుండా వట్టి కూడికలతో, మనం వేళ్ల మీద వేసుకున్నట్టు. చిప్పు కూడికలు ఎంత వేడిలోనూ తప్పలేదు, అది చాలాసేపు పరీక్షించి చూసుకున్నాను. రెండు జవాబులూ కలిస్తే బోర్డు మీద బరువు వెలుగుతుంది. కలవకపోతే తూకం ఆగి, తెర మీద ఒక మాట వస్తుంది. మీట మళ్లీ నొక్కితే కూడికల జవాబు చూపిస్తుంది. ఇక పొద్దున ఒక్కసారి కాదు, ప్రతి తూకానికీ పరీక్షే.

ఆ వచ్చే మాట ఏమిటన్నది మిగిలింది. మామూలుగా అయితే ఏదో లోపం, దాని నంబరు అని ఇంగ్లీషులో రాసి పారేస్తాం. వేళ్లు కీబోర్డు మీద పెట్టి ఆగాను. రాజమణి దూరంగా నిలబడి ఉంది. ఆ రోజు జీతం తీసుకుని మానేస్తానని చెప్పడానికి వచ్చింది.

"పెద్ద సారు చెప్పినా నమ్మలే" అంది. "నువ్వు చెప్తె మా ఊరోనివి, నన్ను కాపాడుతున్నవ్ అంటరు. నేను చెప్తె అసలే నమ్మరు. తప్పు నాదే అని గా మిషినే చెప్పాలె సార్."

ఆమె అన్నది అన్నట్టు రాశాను. ఇంగ్లీషు అక్షరాల్లో, తెలుగు మాట. సత్యమూర్తిగారు వెళ్లేముందు కోడంతా అచ్చు తీయించుకుని పెన్ను పట్టుకుని చదివారు. ఆ వరుస దగ్గర పెన్ను ఆగింది. కొట్టేయమంటారనుకున్నాను. పేజీ తిప్పారు.

"అంగడి దాక ఉండు" అని రాజమణిని అడిగాను. ఆ రోజు జీతం తీసుకోకుండానే ఇంటికి వెళ్లింది.

పిల్లలకు చెప్పాల్సింది

ఆర్మూర్ తరవాత నాకు ఈ పనే అంటుకుంది. తొంభైల్లో చిప్పులు ఇంకా వేగంగా, ఇంకా తెలివిగా వచ్చాయి, తప్పులూ అలాగే వచ్చాయి. భాగహారంలో తప్పే చిప్పు చూశాను. ఒక పనికిమాలిన ఆదేశం ఇస్తే అక్కడికక్కడే బిగుసుకుపోయే చిప్పు చూశాను. దానికి విరుగుడు చిత్రంగా ఉంటుంది. బిగుసుకోబోయే ముందు అది ఒక పట్టికను తాకుతుంది. ఆ పట్టికను తాకకూడని చోట పెడితే, తాకగానే ఇంకో తప్పు జరుగుతుంది. ఆ రెండో తప్పును పట్టుకోవడం కెర్నల్‌కు చేతనవును కాబట్టి మిషను బతుకుతుంది. ఈ ఉపాయం నాది కాదు, చదివి మా కెర్నల్‌కు ఎక్కించాను. ప్రతిసారీ నాకు మొదట వచ్చేది ఆశ్చర్యం కాదు, భయం. ఇప్పుడు ఎవరిని కూర్చోబెట్టి అడుగుతున్నారో అన్న భయం.

అందుకే మా మేనకోడలికి చెప్పేది ఒక్కటే. ముందు నీ ప్రోగ్రాములోనే వెతుకు, ఆ మాట ఇప్పటికీ నిజం. చిప్పు దాకా పోవాల్సి వస్తే సిగ్గుపడకు. ఎవరినైనా అనుమానించే ముందు వెళ్లి వాళ్ల పక్కన కూర్చో, వాళ్లు రోజూ చేసేది చెయ్యనివ్వు. తెలిసిన లోపాన్ని తోటివాళ్లకు చెప్పకుండా దాచిన ఇంజనీరును, ఎంత గొప్పవాడైనా, నమ్మకు.

ఆర్మూర్ సంగతి సగంలో వదిలాను. అంగడి రోజున రాజమణి వచ్చింది. తల దించుకునే వచ్చి కుర్చీలో కూర్చుంది. ఆ రోజు చీర కప్పొద్దని నేను చెప్పలేదు, ఆమె కూడా అడగలేదు. మధ్యాహ్నం అలవాటుగానే కప్పింది. బయట ఎండ మండిపోతోంది, పక్కన డ్రమ్ములు తిరుగుతున్నాయి. వరుసలో ముత్తెన్న ఉన్నాడు, మిగిలిన పసుపు తెచ్చాడు. ఆమె ఉందని తెలిసి, బస్తాలు దింపకముందే గొడవకు సిద్ధమై వచ్చాడు.

బస్తాలు పలక మీద పెట్టారు. రాజమణి మీట నొక్కింది. బోర్డు మీద బరువు వెలగలేదు. తెర మీద ఆ మాట వచ్చింది.

"మల్ల ఏంది?" అని అరిచాడు ముత్తెన్న. "ఏం జేసినవ్?"

నేను తెరను ఊచల వైపు తిప్పాను. ముత్తెన్నకు ఇంగ్లీషు అక్షరాలు రావు. వెనక నిలబడ్డ ఒకతను కూడబలుక్కుని చదివి, నమ్మకం కలగక మళ్లీ చదివాడు. గంగారెడ్డి పటేల్ జనాన్ని తోసుకుంటూ ముందుకు వచ్చి తనూ చదివాడు. చదివాక నా మొహం వైపు చూశాడు.

"గీడ ఏం రాసున్నది?" అని ముత్తెన్న ఎవరినో కాదు, రాజమణినే అడిగాడు.

ఆమె అప్పుడు తలెత్తింది. ఆ కిటికీలో ఆమె తలెత్తి చూడటం నేను చూసింది అదే మొదలు.

"తప్పు నాదే అంటుంది, మిషిను" అంది.

ఆమె మీట మళ్లీ నొక్కింది. బరువు వెలిగింది. ముత్తెన్న ఇంటి దగ్గర చూసుకుని వచ్చిన బరువు అదే. అతను బోర్డు వైపు చూశాడు, తెర వైపు చూశాడు. వెనక ఉన్నవాళ్లు తొందరపెట్టలేదు. తల మీది రుమాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. చీటీ కోసం చెయ్యి చాపలేదు.

"దాందే గాదు" అన్నాడు. "నాది గూడ ఉన్నది బిడ్డా."